మా ఇంటి రాళ్ల ముచ్చట

తాతకు కోత, నాయినకు మిషను, అన్నకు గోలి. మా ఇంట్లో మూడు తరాల మూత్రపు రాళ్ల చరిత్ర ఇంతే. మగ్గాల గురించి రాసుకున్నాం, మార్కండేయుని రథం గురించి రాసుకున్నాం, కరీంనగర్ దిక్కు నుంచి షోలాపూర్‌కు మూటాముల్లె సర్దుకొని వచ్చిన తాతల గురించి రాసుకున్నాం. ఇంటి చరిత్రలో రోగాలు కూడా ఉంటాయి కదా. అవి ఎవరూ రాయరు. అందుకే ఈసారి ఆ ముచ్చట.

మనవాళ్లకు ఈ రాయి కొత్త కాదు. షోలాపూర్ ఎండలు మీకు తెలిసినవే. ఏప్రిల్, మే వచ్చిందంటే 40 డిగ్రీలు దాటుడు మామూలే. ఆ ఎండల్లో రేకుల షెడ్డు కింద పవర్‌లూమ్ నడిపే మనిషికి ఒంట్లో నీళ్లన్నీ చెమటై పోతాయి. సాంచాలు విడిచి పోతే పోగు తెగుతుంది, గుడ్డ చెడుతుంది, కూలి తగ్గుతుంది. కాబట్టి నీళ్లు తాగేది తక్కువ, చాయ్ తాగేది ఎక్కువ. మూత్రం చిక్కబడితే అందులో కరిగి ఉన్న ఉప్పులు గడ్డకడతాయి. అదే రాయి. మరాఠీలో 'ముతఖడా' అంటారు, మన ముసలోళ్లు కూడా ఆ మాటే వాడతారు.

తాత పాత గిర్నిలో పనిచేసేటప్పుడు ఆయనకు వచ్చింది. అప్పుడు ఒకటే దారి, పక్కన కోసి తీయడం. మేం చిన్నప్పుడు తాత స్నానం చేస్తుంటే ఆ జానెడు కోత మచ్చ చూసేవాళ్లం. "ఇది నా రైలు పట్టా" అని నవ్వేవాడు. కానీ ఆ పట్టా మీద ఇల్లు మూడు నెలలు ఆగిపోయింది. ఆ మూడు నెలలు బాపమ్మ బీడీలు చుట్టి ఇల్లు గడిపింది. ఆమె ఆ సంగతి చెప్పినప్పుడు నవ్వేది కాదు.

నాయిన కాలానికి మిషను వచ్చింది. బయటి నుంచి ధ్వని తరంగాలు పంపి లోపలి రాయిని పగలగొట్టేది. విమానాలు తయారుచేసే డోర్నియర్ అనే జర్మన్ కంపెనీ దాన్ని తయారుచేసింది. మనిషి మీద మొదటిసారి వాడింది 1980 ఫిబ్రవరిలో, మ్యూనిక్‌లో. నాయినకు అది పుణెలో చేశారు. కోత లేదు, కుట్టు లేదు. వారం తిరగకుండానే పనిలోకి పోయాడు. తాత తన మచ్చ మీద చెయ్యి పెట్టుకొని, "మీ తరం అదృష్టం" అన్నాడట.

ఈ ఇద్దరి నడుమ మా పెద్దనాయిన ఉన్నాడు. ఆయన కథ చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. ఆయనకూ నొప్పి వచ్చింది. ఉలవకట్టు తాగాడు, కొండపిండి ఆకు తిన్నాడు, వారం పది రోజులకు నొప్పి పోయింది. రాయి కూడా పోయిందనుకున్నారు. చాలా ఏండ్ల తర్వాత వేరే పని మీద స్కానింగ్ తీస్తే ఎడమ కిడ్నీ చిన్నగా ముడుచుకుపోయి ఉంది. రాయి గొట్టంలోనే అడ్డం ఉండి, మూత్రం వెనక్కి తన్ని తన్ని ఆ కిడ్నీ పనిచేయడం మానేసింది. నొప్పి లేకుండానే ఇదంతా జరిగింది. అప్పటినుంచి మా ఇంట్లో ఒకటే మాట, రాయి అంటే వెంటనే తీయించాల్సిందే, ఆగేది లేదు.

2019 మే నెలలో అన్నకు వచ్చింది. రాత్రి షిఫ్టులో టవల్ సాంచాల ముందు నిలబడ్డవాడు నడుము పట్టుకొని కింద కూలబడ్డాడు. కడుపులో కత్తి పెట్టి తిప్పినట్టు నొప్పి, వాంతి. తోటివాళ్లు దగ్గర్లోని ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకపోయారు. స్కానింగ్‌లో 6 మిల్లీమీటర్ల రాయి, ఎడమ కిడ్నీ నుంచి మూత్రాశయానికి దిగే గొట్టంలో, దాదాపు కింది కొసన. రేపే ఆపరేషన్, లేజరుతో పగలగొట్టి స్టెంటు వేస్తాం, ముందు ఇంత డబ్బు కట్టండి అన్నారు. ఆ చికిత్స తప్పేం కాదు, చాలామందికి అదే కావాల్సి వస్తుంది. కానీ వేరే దారి ఏమన్నా ఉందా అని వదినె అడిగితే ఎవరూ జవాబివ్వలేదు. డబ్బు కూడా చేతిలో లేదు. సూదితో నొప్పి తగ్గాక ప్రభుత్వ దవాఖానకు పోయాం.

అక్కడి డాక్టరు మరాఠీ ఆయన. ముందు ఫిల్ము చూడలేదు, ప్రశ్నలడిగాడు. జ్వరం, చలి ఉన్నాయా? నీళ్లు కడుపులో నిలుస్తున్నాయా? మూత్రం వస్తోందా? కిడ్నీలు రెండూ బాగున్నాయా? షుగరు ఉందా? తర్వాత రక్తం, మూత్రం పరీక్షలు చేయించాడు. అన్నీ చూసి, "ఇది గోలితో ఆగి చూడదగ్గ రాయి" అన్నాడు. గోలి పేరు టామ్‌సులోసిన్, 0.4 మిల్లీగ్రాములు, రోజుకొకటి. నొప్పి వస్తే వేసుకోవడానికి డైక్లోఫెనాక్. నాలుగు వారాలు.

అమ్మ అక్కడే అడ్డం తిరిగింది. "మీ పెద్దనాయిన గూడ గిట్లనే ఆగిండు. ఆగి ఆగి కిడ్నీ పోగొట్టుకున్నడు. మళ్లా ఆగుమంటరా?" తెలుగులోనే అన్నది. నేను మరాఠీలో చెప్పాను. డాక్టరు కోపం చేయలేదు. కుర్చీ దగ్గరికి జరుపుకొని అమ్మతోనే మాట్లాడాడు. "థాంబాయచం, పణ్ డోళే ఉఘడే ఠేవూన్" అన్నాడు. ఆగాలి, కానీ కండ్లు తెరుచుకొని. పెద్దనాయిన కండ్లు మూసుకొని ఆగాడు, ఎప్పటివరకో తెలియదు, ఏం చూడాలో తెలియదు, చివరికి పోయిందా లేదా అని చూసిన మనిషి లేడు. ఇప్పుడు ఆగేది తేదీ పెట్టుకొని.

ఆ రోజు ఆయన చెప్పింది, తర్వాత నేను చదివి తెలుసుకున్నది కలిపి చెబుతాను.

కిడ్నీ నుంచి మూత్రాశయానికి దిగే గొట్టం 25 నుంచి 30 సెంటీమీటర్ల పొడుగు. లోపలి దారి 3, 4 మిల్లీమీటర్లే. అందులో మూడు ఇరుకు చోట్లున్నాయి. కిడ్నీ నుంచి మొదలయ్యే చోట ఒకటి, నడుము కింద పెద్ద రక్తనాళాల మీదుగా దాటే చోట ఒకటి, మూత్రాశయంలోకి దూరే చోట ఒకటి. కడపటిదే అన్నింటికంటే ఇరుకు. రాయి తట్టగానే గొట్టం కండరం బిగుసుకుంటుంది. వెనక మూత్రం నిండి కిడ్నీ ఉబ్బుతుంది. ఆ ఉబ్బే నొప్పి.

టామ్‌సులోసిన్ రాయిని కరిగించదు, పగలగొట్టదు. గొట్టం కండరాన్ని బిగించే ఆల్ఫా గ్రాహకాలు కింది భాగంలో ఎక్కువ ఉంటాయి. ఈ మందు వాటిని పట్టి ఆపుతుంది, కండరం కొంచెం వదులవుతుంది, రాయి జారడానికి దారి దొరుకుతుంది. ఇదంతా విని అన్న వెంటనే, "పోగుకు ముడి పడి అచ్చు పండ్లల్ల ఇరికినట్టు. గుంజితే తెగుతది, బిగువు తగ్గిస్తే దాటుతది" అన్నాడు. డాక్టరుకు మరాఠీలో చెబితే, రేపటినుంచి అందరికీ ఇదే చెబుతానన్నాడు.

అయితే ఈ గోలి మహిమ ఎంత? ఇక్కడ డాక్టరు దాచకుండా మాట్లాడటమే నాకు నచ్చింది. గోలి వేసుకోకపోయినా చాలా రాళ్లు వాటంతట అవే పోతాయి. పాత అధ్యయనాలన్నీ కలిపి చూసిన లెక్క ప్రకారం 5 మిల్లీమీటర్లలోపు రాళ్లు నూటికి 68, 5 నుంచి 10 మధ్యవి నూటికి 47 సొంతంగా పడిపోతాయి. 2015లో వెలువడిన, బ్రిటన్‌లో 1,167 మంది మీద జరిగిన పెద్ద పరీక్షలో టామ్‌సులోసిన్ వేసుకున్నవాళ్లకూ ఉత్తి గోలి వేసుకున్నవాళ్లకూ తేడా కనపడలేదు. రెండు గుంపుల్లోనూ నూటికి 80 మందికి అటూ ఇటుగా నాలుగు వారాల్లో వేరే చికిత్స అవసరం పడలేదు. 2018లో వెలువడిన, అమెరికాలో 512 మంది మీద చేసిన పరీక్షలోనూ పెద్ద తేడా కనపడలేదు. కానీ అదే ఏడు వెలువడిన, చైనాలో 3,296 మంది మీద, గొట్టం కింది భాగంలో ఉన్న రాళ్లకు మాత్రమే చేసిన పరీక్షలో గోలి వేసుకున్నవాళ్లలో నూటికి 86, ఉత్తి గోలివాళ్లలో 79 మందికి రాయి పడింది. ఆ లాభం 5 మిల్లీమీటర్లు దాటిన రాళ్లలోనే కనిపించింది.

కాబట్టి చిన్న రాయికి గోలి వల్ల పెద్ద తేడా ఉండదు. 10 దాటిన రాయికి గోలి మీద ఆశ పెట్టుకోవద్దు. కింది కొసన ఉన్న, 5కు 10కి నడుమ ఉన్న రాయికి గోలి కొంత సాయం చేస్తుంది. అమెరికా యూరాలజీ వైద్యుల సూచనలు కూడా కింది భాగంలోని 10 మిల్లీమీటర్లలోపు రాళ్లకే దీన్ని ఇవ్వమంటాయి. అది కూడా నాలుగు నుంచి ఆరు వారాలు, అంతకు మించి కాదు. అన్న రాయి సరిగ్గా ఆ లెక్కలోకి వచ్చింది.

చెప్పినంత సులువు కాదు ఆగడం. రోజు కూలి మీద బతికే ఇంట్లో నాలుగు వారాలు అంటే నాలుగు వారాల కూలి. ఈ గోలి వేసుకుంటే లేచి నిలబడ్డప్పుడు బీపీ తగ్గి కండ్లు తిరగొచ్చు. తిరిగే సాంచాల ముందు అది ప్రమాదం. డాక్టరు మొదటి కొన్ని రోజులు మిషను ముందు నిలబడొద్దన్నాడు. సేఠ్‌ను బతిమాలితే కండెలు చుట్టే కాడ కూర్చునే పని ఇచ్చాడు, కూలి సగమే. వదినె ఇంట్లో చద్దర్ల అంచులు కుట్టే పని పట్టుకుంది. బాపమ్మ బీడీల కాలం నుంచి ఇప్పటిదాకా, రాయి మగవాళ్లకు వస్తే దాని బరువు సగం ఆడవాళ్లే మోస్తున్నారు మా ఇంట్లో.

గోలి రాత్రి అన్నం తిన్నాక, రోజూ ఒకటే వేళకు. వీర్యం బయటికి రాకపోవడం ఇంకో ఇబ్బంది. అది మందు ఆపితే పోతుందని డాక్టరు అన్నకు విడిగా చెప్పాడు. నేనిక్కడ ఎందుకు రాస్తున్నానంటే, ఈ సంగతి ఎవరూ చెప్పక, భయపడి, గోలి మధ్యలో మానేసిన మనిషి మా గల్లీలోనే ఉన్నాడు. కంటి శుక్లాల ఆపరేషన్ చేయించుకోబోయే పెద్దవాళ్లు ఈ మందు వాడుతున్నట్టు కంటి డాక్టరుకు ముందే చెప్పాలి. మందు ప్రభావంతో కంటిపాప ఆపరేషన్లో వదులై ఇబ్బంది పెడుతుంది.

మూత్రం ప్రతిసారీ వడపోయాలి. వదినె ఒక పల్చటి పంచ ముక్క ఇచ్చింది, నాయిన నేసిందే. 19వ రోజు పొద్దున ఆ గుడ్డ మీద గోధుమ రంగు గింజంత, ముండ్లు ముండ్లుగా, రాయి పడింది. ఇల్లంతా చుట్టూ చేరి చూశాం. అమ్మ మాత్రం, "ఇదేనా మొత్తం? లోపల సగం ఉన్నదో ఏమో" అన్నది. ఆమె అడిగింది సరైన ప్రశ్న. నాలుగు వారాలకు మళ్లీ స్కానింగ్ తీస్తే గొట్టం ఖాళీ, కిడ్నీ వాపు పోయింది. ఆ కాగితం చూశాకే అమ్మ దేవునికి కొబ్బరికాయ కొట్టింది. రాయిని ల్యాబుకు పంపితే కాల్షియం ఆక్సలేట్ అని వచ్చింది.

ఇక్కడితో ఆపితే గోలి గొప్పదనే చెప్పినట్టవుతుంది. మరుసటి ఏడు మా మేనత్తకు వచ్చింది. కుడిపక్క, 5 మిల్లీమీటర్లు. ఆమెకూ అదే గోలి రాశారు. మెడికల్ షాపులో పిల్లగాడు, "ఇది మగవాళ్ల గోలి, ప్రోస్టేటుకు వాడేది, మీకెందుకు?" అన్నాడు. అత్త సిగ్గుపడి కొనకుండా వచ్చేసింది. నిజమే, ఆ మందు వచ్చింది ముసలి మగవాళ్ల ప్రోస్టేటు వాపు కోసమే, డబ్బా మీదా అదే ఉంటుంది. కానీ ఆ గొట్టపు కండరం ఆడవాళ్లకూ మగవాళ్లకూ ఒకటే. రాళ్లకు ఆడవాళ్లకూ రాస్తారు. చీటీ డాక్టరుకు మళ్లీ చూపించి, ఒకరోజు ఆలస్యంగా మొదలుపెట్టాం.

ఆరో రోజు రాత్రి అత్తకు వణుకుతో జ్వరం వచ్చింది. వెంటనే దవాఖానకు తీసుకపోతే, ఆమె మరాఠీలో చెప్పింది ఒకటే మాట, "పోట్ దుఖతంయ్". కడుపు నొస్తున్నది, అంతే. యాభై ఏండ్లు షోలాపూర్‌లో ఉన్నా, మూత్రం మండుతున్నదని, చలి పెడుతున్నదని పరాయి మగవాడికి పరాయి భాషలో చెప్పే మాటలు ఆమె దగ్గర లేవు. కూతురు లోపలికి పోయి, రాయి ఉంది, జ్వరం ఉంది అని రెండూ కలిపి చెప్పాక డాక్టర్లు ఉరికారు. అడ్డం పడ్డ కిడ్నీలో చీము పడితే గంటల్లో రక్తంలోకి విషం ఎక్కుతుంది. ఆ రాత్రే స్టెంటు వేసి మూత్రానికి దారి చేశారు. జ్వరం పూర్తిగా తగ్గాక, కొన్ని వారాలకు లేజరుతో రాయి తీశారు. ఇప్పుడు బాగుంది.

అత్తకు గోలి పనిచేయలేదని చుట్టాలు అన్నారు. నేను అట్లా అనుకోను. ఆగేటప్పుడు ఏ గుర్తు కనపడితే ఆగడం ఆపాలో ముందే తెలిసి ఉండటమే ఆమెను కాపాడింది. జ్వరం లేదా చలి, ఆగని వాంతులు, మూత్రం రాకపోవడం, గోలికి లొంగని నొప్పి. వీటిలో ఏదొచ్చినా నాలుగు వారాల లెక్క ఆ గడియకే రద్దు. ఒకటే కిడ్నీ ఉన్నవాళ్లు, గర్భిణులు అసలు ఇంట్లో కూర్చొని ఆగొద్దు. కిడ్నీ జబ్బు, కడుపులో పుండు ఉన్నవాళ్లు డైక్లోఫెనాక్ సొంతంగా వేసుకోవద్దు.

ఇక బాపమ్మ మందులు. కొండపిండి అన్న పేరులోనే ఆశ ఉంది, కొండను పిండి చేస్తుందని. ఉలవకట్టు, పల్లేరుకాయ కషాయం, అరటిదవ్వ రసం, బార్లీ నీళ్లు. ఇవి తాగొద్దని నేను అనను. ఉలవచారు మా ఇంట్లో ఇప్పటికీ కాస్తాం, రుచికి. కానీ కాల్షియం ఆక్సలేట్ రాయిని కరిగించే ఆకూ లేదు, గోలీ లేదు. యూరిక్ యాసిడ్ రాయి మాత్రం మూత్రంలో పులుపు తగ్గించే పొటాషియం సిట్రేట్ లాంటి మందుతో నిజంగా కరుగుతుంది. అందుకే పడ్డ రాయిని పారేయకుండా ల్యాబుకు ఇవ్వాలి. నొప్పి వచ్చినప్పుడు బిందెడు నీళ్లు తాగితే రాయి తోసుకుపోతుందనేది కూడా నిజం కాదు. దాహానికి సరిపడా తాగితే చాలు.

నీళ్ల అసలు పని తర్వాత మొదలవుతుంది. 1996లో వచ్చిన ఒక ఇటలీ అధ్యయనంలో మొదటిసారి రాయి వచ్చిన 199 మందిని ఐదేండ్లు చూశారు. రోజుకు 2 లీటర్ల మూత్రం వచ్చేటట్టు నీళ్లు తాగినవాళ్లలో నూటికి 12 మందికి మళ్లీ రాయి వచ్చింది, మామూలుగా ఉన్నవాళ్లలో 27 మందికి. ఉజనీ నీళ్లు నల్లాకు కొన్ని రోజులకోసారి వచ్చే ఊళ్లో, కడవలు లెక్కపెట్టుకొని వాడే ఇండ్లల్లో, ఎక్కువ తాగమని చెప్పడం సులువు, తాగడం కష్టం. అయినా అన్న ఇప్పుడు సాంచాల పక్కన రెండు లీటర్ల సీసా పెట్టుకుంటాడు, షిఫ్టు అయ్యేలోగా అది ఖాళీ కావాలి. ఉప్పు తగ్గించాడు. పాలు, పెరుగు మానలేదు, మానమని డాక్టరూ చెప్పలేదు.

మా ఇంటి పాత లెక్కల పుస్తకంలో, పెండ్లి ఖర్చులు, చీటీల లెక్కలు రాసే దాంట్లోనే, వదినె ఇప్పుడు ఒక పేజీ పెట్టింది. ఎవరికి, ఏ ఏడు, ఏ పక్క, ఎన్ని మిల్లీమీటర్లు, ఏ రాయి, ఎట్లా పోయింది. తాత దగ్గర మొదలుపెట్టి అత్త దాకా వచ్చింది. పెద్దనాయిన పేరు పక్కన "నొప్పి పోయింది, రాయి పోలేదు" అని రాసింది. పుణెలో ఏసీ గదిలో కంప్యూటర్ ముందు పనిచేసే అన్న కొడుక్కి ఆ పేజీ ఫోటో తీసి పంపాం. ఇంట్లో ఇంతమందికి వచ్చిన రోగం వాడికీ రావొచ్చు. వస్తే డాక్టరుకు ఏం చెప్పాలో, ఎన్ని రోజులు ఆగాలో, ఎప్పుడు ఆగొద్దో వాడికి మన భాషలో తెలిసి ఉండాలి.